మాటివ్వడానికి ఆరు వందల కిలోమీటర్లు

మాంట్రియల్‌కి కారేసుకుని వెళ్ళేవాళ్ళు పాత ఊరి రాతివీధులు తిరగడానికో, వేడివేడి బేగెల్స్ తినడానికో వెళతారు. మొన్న ఫిబ్రవరిలో నేను వెళ్ళింది మాత్రం ఒక తల్లిని ఒప్పించడానికి. ఆవిడ కొడుకు మా కాలేజీకి ఫుట్‌బాల్ ఆడాలి. ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదు. ఇక్కడి ఫుట్‌బాల్‌లో కోలబంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేవాణ్ణి అవతలి జట్టువాళ్ళు హెల్మెట్లు పెట్టుకుని గుద్ది పడేస్తారు. నేను అందులో అసిస్టెంట్ కోచ్‌ని. కెనడాలో, ఒంటారియోలోని కేంబ్రిడ్జ్‌లో ఉంటాను. కాలేజీ పేరు రాయను. రాస్తే నా కోపం ఇంకాస్త పెరుగుతుంది తప్ప మీకు ఒరిగేదేమీ లేదు.

హనుమకొండలో డిగ్రీ చదివేటప్పుడు నేను కబడ్డీలో కార్నర్ ఆడేవాణ్ణి, కూతకొచ్చినవాడి కాళ్ళు పట్టే చోటు. మాస్టర్స్‌కని ఇక్కడికొచ్చి, పార్ట్‌టైమ్ పని వెతుక్కుంటూ ఫుట్‌బాల్ జట్టు ప్రాక్టీసుని వీడియో తీసే పనిలో చేరాను. చలిలో ఎత్తు మీద నిలబడి, నలభైమంది కుర్రాళ్ళు పొట్టేళ్ళలాగా తలలు ఢీకొట్టుకోవడం చూసీ చూసీ ఒకరోజు ఉండబట్టలేక కిందికి దిగాను. తల పెట్టకుండా నడుమూ తొడలూ పట్టి మనిషిని ఎలా కూల్చాలో కబడ్డీ పద్ధతిలో చూపించాను. హెడ్ కోచ్‌కి నచ్చింది. అలా ఆరు సీజన్లు గడిచాయి. జట్టుకి టాకిల్, అంటే ఆ కూల్చడం, నేర్పేది నేనే, ఆటల వీడియోలు కోసి పెట్టేది నేనే, ఎండాకాలం కొత్త కుర్రాళ్ళ కోసం ఊళ్ళు తిరిగేదీ నేనే. ఇచ్చేది గౌరవవేతనం కాబట్టి చలికాలమంతా వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాణ్ణి. ఫుల్‌టైమ్ ఉద్యోగం గురించి అడిగినప్పుడల్లా ‘వచ్చే ఏడు చూద్దాం’ అనేవారు.

ఫిబ్రవరి మొదట్లో హెడ్ కోచ్ ఆఫీసుకి పిలిచాడు. “మాంట్రియల్ పక్కన బ్రోసార్డ్‌లో ఒక లైన్‌బ్యాకర్ ఉన్నాడు, అభిరామ్. మనతో కలిపి మూడు కాలేజీలు వెంటపడుతున్నాయి. తల్లికి ఈ ఆటంటే భయం. మీ భాషవాళ్ళే కదా, నువ్వెళితే తలుపు తెరుచుకుంటుంది” అన్నాడు. లైన్‌బ్యాకర్ అంటే బంతితో పరిగెత్తేవాణ్ణి అడ్డుకుని కూల్చే ఆటగాడు. లేచి వస్తుంటే భుజం మీద చెయ్యి వేసి, “వాణ్ణి తీసుకురా, నీ ఫుల్‌టైమ్ సంగతి కూర్చుని మాట్లాడదాం” అన్నాడు. ఆ రోజు ఇంటికి పాట పాడుకుంటూ వచ్చానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఇక ప్రయాణం సంగతి. కేంబ్రిడ్జ్ నుంచి తెల్లవారకముందే నాలుగున్నరకి బయల్దేరండి. ఆరు దాటితే టొరంటో దగ్గర 401 హైవే మీద ఇరుక్కుపోతారు, లేదంటే 407 ఎక్కి టోల్ సమర్పించుకోవాలి. కింగ్‌స్టన్ ఇంచుమించు సగం దారి. అక్కడ గ్యాస్, అంటే పెట్రోలు, కొట్టించుకుని కాళ్ళు చాపుకుంటే మంచిది, ఎందుకంటే ఆ తరువాత కార్న్‌వాల్ దాకా మంచూ చెట్లూ తప్ప కంటికి ఏమీ ఆనదు. క్వెబెక్‌లోకి రాగానే అదే రోడ్డు 20 అవుతుంది, బోర్డులన్నీ ఫ్రెంచిలోకి మారిపోతాయి. బ్రోసార్డ్‌కే అయితే 30 మీదికి తిరగండి. వంతెన దగ్గర చిన్న టోల్ ఉంటుంది గానీ మాంట్రియల్ ట్రాఫిక్ తప్పుతుంది. ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది: మాంట్రియల్ ద్వీపం మీద ఎర్రలైటు దగ్గర కుడికి తిరగకూడదు. ఒంటారియో అలవాటుతో తిరిగితే టికెట్ చేతిలో పెడతారు. నా చిన్న కారుకి ఒకవైపు గ్యాస్ డెబ్బై అయిదు డాలర్ల దాకా అయింది.

పదకొండున్నరకి హైవే పక్కన ఒక చిన్న హోటల్లో ఆగి పూటీన్ తిన్నాను. వేయించిన బంగాళాదుంపల మీద చీజ్ ముక్కలు వేసి వేడి గ్రేవీ పోస్తారు, పదమూడు డాలర్లు, ఇద్దరికి సరిపోతుంది. వంట చేస్తున్నావిడ నా జాకెట్ మీద రాసున్నది చదివి, “కోచ్‌వా? హాకీయా?” అంది వచ్చీరాని ఇంగ్లిష్‌లో.

“ఫుట్‌బాల్. అసిస్టెంట్‌ని.”

“మా మరిదీ అసిస్టెంటే, హాకీకి. పదేళ్ళు చేశాడు. ఈ చుట్టుపక్కల ఏ ఊళ్ళో పూటీన్ బాగుంటుందో వాడిని అడగాలి.”

“ఇప్పుడెక్కడ చేస్తున్నారు?”

“టైర్లు మారుస్తున్నాడు” అంది, గరిటె ఆపకుండానే. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

అభిరామ్‌ని మధ్యాహ్నం వాళ్ళ సీజెప్‌లో చూశాను. క్వెబెక్‌లో స్కూలుకీ యూనివర్సిటీకీ మధ్య చదివే కాలేజీని అలా అంటారు. పంతొమ్మిదేళ్ళవాడు, గుమ్మం నిండా ఉన్నాడు. కోచ్‌తో ఫ్రెంచి, స్నేహితులతో ఇంగ్లిష్, నాతో మాత్రం “నమస్తే కోచ్ గారూ” అని, తరువాత ఇంగ్లిష్‌లోకి దిగిపోయాడు. వాడి ఆట వీడియో చూశాం. పాదాలు మెరుపు. కానీ ప్రతి టాకిల్‌లోనూ ముందు తల వెళుతోంది, పరిగెత్తేవాడి దారికి అడ్డంగా.

“దెబ్బలేమైనా తగిలాయా?” అన్నాను.

“వన్స్. ఒక వారం లైట్ చూస్తే హెడేక్. అమ్మకి ఫ్లూ అని చెప్పా” అన్నాడు నెమ్మదిగా.

సాయంత్రం అయిదున్నరకి వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి ప్రసాద్ గారు విమాన భాగాలు తయారుచేసే కంపెనీలో ఇంజినీరు, మితభాషి. తల్లి సుజాత గారు డేకేర్‌లో పనిచేస్తారు. నెల్లూరు మనిషి, మాట కరుకు, చెయ్యి ధారాళం. చేపల పులుసు, కోడి వేపుడు, కందిపొడి, నెయ్యి బల్ల మీద పెట్టి కూర్చోబెట్టేశారు. అసిస్టెంట్ కోచ్ బతుకులో సగం పెళ్ళిళ్ళ పేరయ్య పనే. రెండువైపులా తింటాం, రెండువైపులా పొగుడుతాం. ఇన్నేళ్ళలో ఎన్నో ఇళ్ళలో తిన్నాను కానీ తెలుగింట్లో ఇదే మొదటిసారి, పులుసు కలుపుకుంటుంటే కడుపే కాదు, మనసూ నిండింది.

ప్రసాద్ గారు ఇంజినీరింగ్ సీటు గురించి, స్కాలర్‌షిప్ గురించి అడిగారు. చెప్పాను. సుజాత గారు అంతసేపూ వడ్డిస్తూ విని చివరికి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“చదువు సంగతి ఆయన చూసుకుంటాడు. నాకు వాడి తలకాయ ఒక్కటే తమ్ముడూ. ఈ గుద్దుకునే ఆటలో అది ఎట్ట నిలుస్తుందో నాకు చూపించు.”

చూపించమన్నారు కాబట్టి సోఫా పక్కకి జరిపాను. ప్రసాద్ గారికి దిండు ఇచ్చి, బంతి అనుకుని పరిగెత్తమన్నాను. ఆయన ఉన్ని సాక్సులతో మొహమాటంగా నాలుగడుగులు వేశారు. నేను వంగి, నా చెంప ఆయన తొడకి వెనకవైపు ఆన్చి, రెండు చేతులూ బిగించి కార్పెట్ మీదికి మెల్లగా దించాను. అభి పొట్ట పట్టుకుని నవ్వాడు. “చూశారా అక్కా, తల వెనక ఉంది, బరువంతా భుజం మీద పడింది. కబడ్డీలో హెల్మెట్ ఉండదు, అందుకే తల కాపాడుకోవడం ముందు నేర్పుతారు” అన్నాను.

“మా పెదనాయన కబడ్డీ ఆడేవాడు. ఇట్టనే పట్టేవాడు” అన్నారావిడ. మొహంలో బిగువు కొంచెం సడలింది. “ఇది అక్కడ ఎవరు నేర్పిస్తారు?”

“నేనే.”

“నాలుగేళ్ళూ నువ్వే ఉంటావా?”

ఫుల్‌టైమ్ సంగతి మాట్లాడదామన్న మాట చెవిలో గింగురుమంటోంది. “ఉంటానక్కా, నాలుగేళ్ళూ” అన్నాను. ఆవిడ కొడుకు వైపు తిరిగి, “అయితే పో” అన్నారు. అంతే. బల్ల దగ్గర నుంచే అభి మా హెడ్ కోచ్‌కి ‘ఐ యామ్ ఇన్’ అని మెసేజ్ పెట్టాడు. క్షణంలో అటునుంచి బొమ్మలూ చప్పట్లూ వచ్చాయి. సుజాత గారు నాకు దారికని డబ్బా నిండా చేపల పులుసు కట్టిచ్చారు. నూట ఇరవై డాలర్ల మోటెల్ గదిలో మహారాజులా పడుకున్నాను.

మర్నాడు తొమ్మిదికి బయల్దేరాను. కింగ్‌స్టన్ దగ్గర కాఫీకి ఆగినప్పుడు హెడ్ కోచ్ ఫోన్ చేశాడు. అభిని తెచ్చినందుకు తెగ మెచ్చుకున్నాడు. తరువాత గొంతు సవరించుకున్నాడు. డిఫెన్స్‌కి కొత్త కోఆర్డినేటర్, అంటే ఆ విభాగం కోచ్‌లకి పెద్ద, వస్తున్నాడట. కోఆర్డినేటర్ మారితే తన కింద అసిస్టెంట్లని తనే తెచ్చుకుంటాడు, ఈ వృత్తిలో అది ఆనవాయితీ. అంటే నాకిక చోటు లేదు. నాకు తెలియనిదేం కాదు, పక్క కాలేజీల్లో ఎంతోమందికి జరగడం చూశాను. మనదాకా రాదనుకున్నాను.

“ఆయన్ని ఎప్పుడు తీసుకున్నారు?” అన్నాను.

“పోయిన వారమే సంతకం అయింది.”

“అంటే నన్ను పంపేటప్పుడు మీకు తెలుసు.”

“రవీ, మనకి ఆ కుర్రాడు కావాలి” అన్నాడు. ఆ ‘మనకి’ అన్న మాటకి ఒళ్ళు మండింది. ఇంకో మాట కూడా అన్నాడు: నెలాఖరులో ప్రకటించేదాకా ఆ కుటుంబానికి చెప్పొద్దు, నీకు మంచి రిఫరెన్స్ ఇస్తాను. ఏరు దాటాక తెప్ప తగలేయడం అందరూ చేసేదే. ఈయన ఆ తెప్పకి నోరు మూసుకుని తగలబడమని కూడా చెప్పాడు.

చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఆ రిఫరెన్స్ లేకపోతే ఇంకో కాలేజీ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు. ఆరేళ్ళ పని అంతా ఆయన రాసే నాలుగు వాక్యాల్లోనే ఉంది. అయినా సుజాత గారికి ఫోన్ చేశాను. డేకేర్‌లో ఉన్నారు, వెనక పిల్లల గోల వినిపిస్తోంది. జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఆవిడ తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

“ఇప్పుడు నువ్వు నాకు ఫోన్ ఎందుకు చేశావు తమ్ముడూ? వాణ్ణి ఆపమనా, పంపమనా?”

“తెలీదక్కా. మీకు అబద్ధం చెప్పినవాడిగా ఉండలేక చేశాను.”

“వాడు పొద్దున్నే తక్కిన రెండు కాలేజీలకీ రానని చెప్పేశాడు. ఫోన్ చేసి మరీ చెప్పాడు, నేనే చెప్పమన్నాను, జనాన్ని ఎదురుచూపుల్లో పెట్టకూడదని.” ఒక పిల్ల ఏడుస్తుంటే సముదాయించి మళ్ళీ ఫోన్‌లోకి వచ్చారు. “నేను కాలేజీని చూసి పంపలా. నిన్ను చూసి పంపినాను.”

ఆ తక్కిన కాలేజీలు వారంలో వేరేవాళ్ళని తీసుకున్నాయి. అభి ఆగస్టులో మా కాలేజీకే వచ్చాడు. రిఫరెన్స్ మాత్రం రాలేదు. చెప్పొద్దన్నది చెప్పానని హెడ్ కోచ్‌కి తెలిసిపోయింది.

ఇప్పుడు ఏడాది పొడవునా వేర్‌హౌస్‌లోనే ఉంటున్నాను. శనివారాలు జట్టు ఆటలు ఆన్‌లైన్‌లో చూస్తాను. అభి బాగా ఆడుతున్నాడు, మొదటి ఏడే ఆడిస్తున్నారు. నేను వాళ్ళింట్లో కార్పెట్ మీద చూపించినట్టు కాదు, పాత పద్ధతిలోనే, తల అడ్డం పెట్టి. అడిగితే, “కొత్త కోచ్‌కి అదే కావాలి. వినకపోతే బెంచ్. ఐ వాంట్ టు ప్లే, కోచ్” అన్నాడు. వాణ్ణి తప్పుపట్టలేను. వాడి వయసులో నేనైనా అంతే చేసేవాణ్ణి. సుజాత గారు ఆట చూడరు, చూడలేరు. ఆట అయ్యాక నాకు ఫోన్ చేసి, ‘తల పక్కకే పెడుతున్నాడా?’ అని ఒక్కటే అడుగుతారు. మొదట్లో ‘పెడుతున్నాడక్కా’ అనేవాణ్ణి. పోయిన శనివారం నిజం చెప్పేశాను. ఆవిడ ‘మళ్ళీ వారం చూసి చెప్పు’ అని పెట్టేశారు. కోచ్ ఉద్యోగం పోయిందని ఏడ్చే మనిషిని కాను. ఒక ఇంటి నమ్మకాన్ని నా చేత్తో తెచ్చి, దాంతో నిమిత్తం లేనివాళ్ళ చేతిలో పెట్టొచ్చానే అన్నదే నన్ను తినేస్తోంది.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకి టోల్ గురించీ ఎర్రలైటు గురించీ పైన రాశాను. పిల్లల్ని ఆటల్లో పెట్టినవాళ్ళకి ఒకే ఒక్క చిట్కా. మీ ఇంటికి కోచ్ వస్తే అతను మంచివాడా కాదా అని చూసి మురిసిపోకండి, ఇళ్ళకి ఎప్పుడూ మంచివాళ్ళనే పంపుతారు. వచ్చే ఏడు ఇతను అక్కడ ఉంటాడా అని అడగండి. వచ్చినవాణ్ణి కాదు, పంపినవాణ్ణి అడగండి.