పాత పేరుకు దారి

ఇది మొదలైంది శ్రావణ మాసం మూడో శుక్రవారం, ఉదయం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకు. ఆ నిమిషం నేను పెట్టింది కాదు. శ్రీనగర్ కాలనీలో పేర్ల లెక్క చూసే ఒక పెద్దమనిషి పెట్టాడు. సినిమా వాళ్ల పేర్లకు అక్షరాలు కలిపేదీ, తీసేసేదీ ఆయనే. కృష్ణానగర్‌లో మా ఆడపడుచు దుకాణంలో కంప్యూటర్‌కు బొట్టు పెట్టి, దాని ముందు నిమ్మకాయ ఉంచారు. టైలర్ మాస్టరు కొబ్బరికాయ కొట్టాడు. నీళ్లు కీబోర్డు మీద పడకుండా నేను తువ్వాలు అడ్డం పట్టుకున్నాను. సరిగ్గా తొమ్మిది పన్నెండుకు దుకాణం బోర్డుకూ, వెబ్‌సైటుకూ పాత పేరు పోయి కొత్త పేరు వచ్చింది.

పాత పేరు మా ఆడపడుచు భర్తది. నేను అన్నయ్యగారు అని పిలిచేదాన్ని. వేషాలు అద్దెకిచ్చే ఆ దుకాణాన్ని తన పేరుతోనే పెట్టి, వెబ్‌సైటు కూడా ఆ పేరుతోనే తెరిచాడు; అది తెరిచి అప్పటికి ఏడేళ్లు. ఆయన పోయి అప్పటికి ఏడాది తొమ్మిది నెలలు. ఆ పేరు అంకె బాగోలేదని, యజమానిని తీసుకుపోయిన పేరును ఇంకా వాకిట్లో పెట్టుకోకూడదని పెద్దమనిషి చెప్పాడు. ఆ మాట అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆడపడుచు ముఖం చూశాక ఎదురు చెప్పబుద్ధి కాలేదు.

సైటు పని చూసే అమ్మాయి యూసుఫ్‌గూడ నుంచి వచ్చేది. హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూ, బిడ్డ పుట్టాక మానేసి, ఇంట్లో కూర్చుని విగ్గుల వాళ్లకూ, షూటింగులకు భోజనాలు పంపేవాళ్లకూ సైట్లు చూసిపెట్టేది. పేరు మారిన నిమిషంలోనే ఆమె అడిగింది.

"అమ్మా, పాత పేరు కొట్టినోళ్లు సీదా కొత్త పేరుకు వచ్చేటట్టు దారి పెట్టాలె. దాన్నే రీడైరెక్ట్ అంటరు. ఐదు నిమిషాల పని. పెట్టమంటరా?"

"వద్దమ్మా. పాతదానికీ కొత్తదానికీ మధ్య నూలుపోగు కూడా ఉండకూడదన్నారాయన. దారి పెడితే ఆ కీడు కూడా అదే దారిన నడిచొస్తుంది" అంది ఆడపడుచు.

"కీడు వస్తదో రాదో నాకు తెల్వది. దారి లేకుంటే గిరాకీ మాత్రం రాదు."

నేను కల్పించుకున్నాను. "ఇల్లు మారితే పాత గేటుకు కాగితం అంటించి పోతాం కదే. ఇదీ అంతే."

"నువ్వు లెక్కల మనిషివి వదినా. నీకు చావు కూడా ఒక ఖర్చు పద్దే" అంది.

మాస్టరు కొబ్బరి చిప్పలు ఏరుకుంటూ లోపలికి పోయాడు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను తువ్వాలు పిండుకున్నాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. మొదట మద్రాసులోనూ, తర్వాత ఫిల్మ్‌నగర్‌లోనూ ప్రొడక్షన్ ఆఫీసుల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు లెక్కలు రాశాను. పని మానేశాక పదింటి నుంచి ఐదింటి దాకా ఆడపడుచు దుకాణంలో ఫోను దగ్గర కూర్చునేదాన్ని. ఫోను చేసిన ప్రతివాళ్లనూ ఒక ప్రశ్న అడగడం నా అలవాటు: మా దుకాణం సంగతి మీకెలా తెలిసింది? పదిమందిలో ఏడుగురు నెట్‌లో చూశామనేవారు.

సినిమా వాళ్లు రావడం అప్పటికే తగ్గిపోయింది. పెద్ద సినిమాలకు డిజైనర్లు వచ్చారు. జూబ్లీహిల్స్‌లో అద్దాల గదుల్లో కూర్చుని, కొత్తవే కుట్టించేవారు. మా దుకాణాన్ని నిలబెట్టింది సాఫ్ట్‌వేర్ వాళ్లు. మాదాపూర్, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో కొత్తగా కాపురం పెట్టినవాళ్లకు కృష్ణానగర్ సందులు తెలియవు. పిల్లకు గొల్లభామ వేషం కావాలంటే, ఆఫీసులో పంచెకట్టు రోజు వస్తే, నెట్‌లో కొట్టేవారు. మొదటి పేజీలో రెండో వరసలో మేము ఉండేవాళ్లం. నవంబరు పద్నాలుగు నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా, పిల్లల పండగా బడుల వార్షికోత్సవాలూ ఉండే ఆ మూడున్నర నెలల రాబడితోనే మిగతా ఏడాదంతా కిరాయి, ముగ్గురు టైలర్ల జీతాలు గడిచేవి. పేరు మార్చిన రోజున ఆ సీజనుకు ఇంకా మూడు నెలలుంది.

వినాయక చవితి వెళ్లేసరికి రోజుకు పద్నాలుగు ఫోన్లు వచ్చేచోట ఆరు వచ్చాయి. దసరాకు నాలుగు. బతుకమ్మ ఆటకు లంగా ఓణీలు అడిగే కాలనీ సంఘాలు ఆ ఏడు అడగలేదు. నెట్‌లో కొడితే పది పేజీలు తిప్పినా మేము లేము.

"ఎందుకిట్లా అయింది? సరుకు అదే కదా" అంది ఆడపడుచు.

ఆ అమ్మాయి ఓపికగా చెప్పింది. "సరుకు అదేనమ్మా. కానీ ఏడేండ్ల నుంచి బడులోళ్లు, సంఘాలోళ్లు వాళ్ల సైట్లల్ల మీ పాత అడ్రసు రాసిపెట్టిన్రు, ఫలానా దగ్గర తెచ్చుకున్నం అని. నెట్‌ల ఎతికిపెట్టే సెర్చ్ ఇంజన్‌కు గదే జమానతు, పూచీ లెక్క. ఇప్పుడు గా అడ్రసుకు పోతే గాడ తలుపే లేదు. కొత్త అడ్రసు గురించి ఎవ్వరూ ఒక్క ముక్క చెప్పలే. మీరు నిన్న మొన్న తెరిచిన కొట్టు అనుకుంటది."

"మళ్లీ ఆ దారి మాటేనా?"

"మాట అదే ఉన్నది. ఏం జెయ్యాలె?"

"అది తప్ప ఇంకేమైనా ఉంటే చెయ్యి."

అది తప్ప మిగతావన్నీ చేశాం. ఆ పని అలసట ఇప్పటికీ నా మెడలో ఉంది. అన్నయ్యగారు కెమెరాతో తీసిన ఫొటోలు తీసినట్టే పెట్టాడు. ఒక్కొక్కటి తెరుచుకునేసరికి టీ చల్లారేది. చూసేవాళ్లు విసుగొచ్చి పోయేవారు. ఆ అమ్మాయి అన్నింటినీ చిన్నవి చేసింది. ప్రతి వేషం కిందా ఒకటే పేరా ఉండేది, నాణ్యమైన దుస్తులు, సరసమైన అద్దె అని. అన్ని పేజీలూ ఒకే మాట చెబితే సెర్చ్ ఇంజన్ ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటుందట. వేషం వేషానికీ నేను విడిగా రాశాను. ఎర్ర లంగా, ఆకుపచ్చ ఓణీ, ఎనిమిదేళ్ల పిల్లకు, జడగంటలతో సహా. రాజు వేషం, పదేళ్ల పిల్లవాడికి, కిరీటం బరువు తక్కువ. సీతాకోకచిలుక, రెక్కలు మడిచి ఆటోలో తీసుకుపోవచ్చు. అద్దెలన్నీ బొమ్మలోనే అక్షరాలుగా ఉన్నాయి. బొమ్మలో రాసింది సెర్చ్ ఇంజన్ చదవలేదు కాబట్టి అవి కూడా తీసి మళ్లీ కొట్టాం. ఒకచోట పాత ఫోను నంబరు, ఇంకోచోట కొత్తది ఉన్నాయి. అవీ సరిచేశాం.

కార్తీకానికి మూడో పేజీకి వచ్చాం. ఆ అమ్మాయి సంతోషపడింది. నేను పడలేదు. మూడో పేజీ అంటే కృష్ణానగర్‌లో మూడో అంతస్తు వెనక గది. ఎవరూ ఎక్కి రారు.

పిల్లల పండగ అలాగే వెళ్లిపోయింది. మాస్టరు మిషను మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. ఆయన పుట్టింది యూసుఫ్‌గూడలోనే, దుకాణం తెరిచిన రోజు నుంచీ ఉన్నాడు.

"ఏందమ్మా, గీసారి పిల్లల పండుగ వచ్చిందా, మనకు తెల్వకుండ పోయిందా?" అన్నాడు.

"వచ్చింది మాస్టరూ. మన సందు దాకా రాలేదు."

"సారు ఉంటే గింత సప్పుడు లేకుండ ఉంటుండెనా?"

లోపల బట్టలు మడతపెడుతున్న ఆడపడుచుకు వినబడింది. ఆ నెలాఖరుకు ఇద్దరు చిన్న టైలర్లు జూబ్లీహిల్స్‌లో ఒక డిజైనర్ దగ్గరికి వెళ్లిపోయారు. వెళ్లేముందు కాళ్లకు దండం పెట్టారు. ఆపడానికి మా దగ్గర పని లేదు.

పాత పేరు గడువు కూడా ఆ నెలలోనే తీరింది. వెబ్‌సైటు పేరు కొనుక్కున్నా సొంతం కాదు, ఏడాదికోసారి డబ్బు కట్టి నిలుపుకోవాలి. గడువు సంగతి ఆడపడుచుకు నేను మూడుసార్లు చెప్పాను. మూడోసారి అన్నయ్యగారి తద్దినం అయిన మర్నాడు.

"దారి పెట్టకపోతే మానె. పేరు మాత్రం వదలకు. కట్టేది మూడు జాకెట్ల కుట్టుకూలంత. నేను కడతాను" అన్నాను.

"కట్టి ఏం చేస్తావు? తాళం పెట్టి దాస్తావా?"

"దాస్తాను. ఎవడి చేతికో పోకుండా ఉంటుంది."

"ఆ మనిషే పోయాడు వదినా. పేరు నా చేతిలో ఉంటే ఎంత, పోతే ఎంత? నువ్వు కడితే నా మీద ఒట్టే."

ఒట్టు పెట్టాక కట్టలేదు. గడువు దాటినా కొన్ని వారాల పాటు అదనంగా కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చని ఆ అమ్మాయి చెప్పింది. ఆ వారాలూ అయిపోయాయి.

మాఘంలో, ఒక బుధవారం మధ్యాహ్నం, కూకట్‌పల్లి బడిలో డ్యాన్స్ నేర్పే టీచరమ్మ చేతిలో అట్టపెట్టెతో వచ్చింది. ఏటా మా దగ్గరే తీసుకునేది. పెట్టెలో ఆరు కిరీటాలు, ముందటేడు వాళ్ల బడిలో ఉండిపోయినవి.

"హమ్మయ్య, ఉన్నారా! మూసేశారనుకున్నానండీ. బీరువా సర్దుతుంటే ఇవి బయటపడ్డాయి. ఎవరికివ్వాలా అని సారు పేరు నెట్‌లో కొడితే ఎక్కడా రాలేదు" అంది.

"మరి ఈ సంవత్సరం పిల్లలకు వేషాలో?" అని నేను అడిగాను.

"అమీర్‌పేటలో తీసుకున్నామండీ. బాగాలేవు. ఇంకో రెండు బడుల వాళ్లు అడిగితే వాళ్లకీ మీరు మూసేశారనే చెప్పాను. తప్పయిపోయింది."

ఆడపడుచు పెట్టె అందుకుంది. "ఇవాళ ఎలా కనుక్కున్నారండీ?"

"ఈ సందులన్నీ ఒకలాగే ఉంటాయి కదండీ. మీ బోర్డు కూడా మారిపోయింది. మూల మీద టీ కొట్టాయన్ను సారు పేరు చెప్పి అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టి వచ్చి, ఇదిగో ఈ గడప దాకా తీసుకొచ్చి వెళ్లాడు."

ఆమె వెళ్లాక ఆడపడుచు కిరీటాలు ఒక్కొక్కటే తుడిచి గూట్లో పెట్టింది. ఆరోది చేతిలో ఉండగా అడిగింది.

"నెట్‌లో ఇంకా ఆయన పేరే కొడుతున్నారా వదినా?"

"ఈ నెలలో ఫోను చేసినవాళ్లలో ఐదుగురు అదే చెప్పారు. ఆయన పేరు కొట్టి, దొరక్క, ఎవరినో అడిగి నంబరు తీసుకున్నారట."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఒట్టు పెట్టావు కదే."

"ఒట్టు కట్టడానికి పెట్టాను గాని, చెప్పడానికి పెట్టానా? నీ నోటికి కూడా లెక్కే" అని కిరీటం గూట్లో పెట్టేసింది. తర్వాత నెమ్మదిగా అంది. "ఆ అమ్మాయిని రమ్మను. దారి పెట్టమను."

ఆ అమ్మాయి సాయంత్రమే వచ్చింది. పాత పేరు కొట్టింది. తెర మీద పేకముక్కలు వచ్చాయి. డబ్బు పెట్టి ఆడమంటూ ఇంగ్లీషులో ఏవో ప్రకటనలు. అడుగున చిన్న అక్షరాలు, ఈ పేరు అమ్మకానికి ఉంది అని.

"ఎవరో కొన్నరమ్మా. పన్నెండు రోజులైంది."

మాస్టరు కళ్లజోడు సవరించుకుని చూశాడు. "సారు పేరు మీద పేకాటనా? ఆయన పండుగనాడు గూడ ముక్క ముట్టలే."

ఆడపడుచు కుర్చీలో కూర్చుంది. అరవలేదు, ఏడవలేదు. వాళ్లెంత అడుగుతున్నారో కనుక్కోమంది. ఆ అమ్మాయి రాసి అడిగితే రెండు రోజులకు డాలర్లలో జవాబు వచ్చింది. జీవితంలో చాలా అంకెలు రాసుకున్నాను. అది రాసుకోలేదు.

"ఇంకేం మార్గం లేదా?" అని ఆడపడుచు అడిగింది.

"ఒకటున్నది. కొత్త సైటు మొదటి పేజీల, పాత పేరుతోని ఉన్న దుకాణం ఇదే అని రాయాలె. గా పేరు కొట్టినోళ్లకు మెల్లమెల్లగ ఈ పేజీ కనబడ్తది. పాత అడ్రసు రాసిపెట్టిన బడులకు ఫోన్లు చేసి, మార్చమని అడగాలె. కొందరు మారుస్తరు, కొందరు మార్చరు."

ఆ వాక్యం ఆడపడుచే చెప్పింది. నేను కాగితం మీద రాసుకున్నాను. 'ఇరవై రెండేళ్లుగా మావారి పేరుతో ఉన్న దుకాణం ఇదే. స్థలం అదే, మాస్టరూ ఆయనే.' మావారి పేరు అన్నచోట అసలు పేరు రాయమంది. పేర్ల లెక్క చూసే ఆయన్ను అడగాలా అంటే, "ఆయనకేం తెలుసు, ఆయన టీ కూడా మన సందులో తాగడు" అంది. ముహూర్తం చూడలేదు. ఆ రోజు మంగళవారం, పైగా వర్జ్యం. నేను పంచాంగం చూశాను గాని పైకి అనలేదు.

బడులకు ఫోన్లు నేనే చేశాను. ముప్పై నాలుగు చోట్ల పాత అడ్రసు ఉంటే పదకొండు మంది మార్చారు. జ్యేష్ఠ మాసానికి మొదటి పేజీ అడుగుకు వచ్చాం. దుకాణం మూతపడలేదు. కానీ ముందు గది కిరాయి కట్టలేక ఇచ్చేశాం. అందులో ఇప్పుడు ఫొటోలు కడిగే ఒకతను ఉన్నాడు. మా వేషాలు వెనక గదిలో, పైకప్పు దాకా.

పోయినవి ఇవి. ఏడేళ్లు నిలిచిన ఒక పేరు. పాత అడ్రసు మార్చని ఇరవై మూడు బడులు, సంఘాలు. ఇద్దరు టైలర్లు. రోడ్డు వైపు గది. ఒక సీజను. శ్రావణం నుంచి మాఘం దాకా ఆరు నెలలు. టీచరమ్మ మళ్లీ రాలేదు, ఆమెనూ కలుపుకోవాలి.

కిరీటాలు ఆరూ ఉన్నాయి.