తాత దమ్ము వదిలిన పొద్దు: జమ్మికుంట నుంచి కరీంనగర్ తైచీ క్లాసుకు

పోయిన నెల వాకిట్లో కళ్లు తిరిగి పడ్డప్పటి నుంచి మా తాతను అమ్మ ఒంటరిగా గడప దాటనివ్వడం లేదు. జమ్మికుంట పత్తి మార్కెట్‌లో నలభై ఏళ్లు హమాలీగా బస్తాలు మోసిన మనిషి ఆయన. పొద్దున్నే యార్డుకు వెళ్లి పాత జతగాళ్లతో చాయ్ తాగడం ఒక్కటే ఆయన షోకు. అదీ ఆగిపోయింది. డాక్టరు బీపీ మాత్రలు మార్చి, నెమ్మదైన వ్యాయామం బీపీకీ జ్ఞాపకశక్తికీ మేలు చేయవచ్చన్నారు. కరీంనగర్‌లో ఒక పార్కులో పెద్దవాళ్లకు తైచీ నేర్పుతారని విని, నా డిగ్రీ సెలవుల్లో ఒక ఆదివారం ఇద్దరం బయలుదేరాం.

తెల్లవారుజామున ఐదింటి బస్సు. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఆధార్ చూపిస్తే నాకు జీరో టికెట్, తాతకు మాత్రం డబ్బులు. గంటకు పైగా ప్రయాణం. బస్టాండ్ నుంచి పార్కుకు ఆటో యాభై రూపాయలు.

"తైచీ అంటే కరాటే లెక్కనా? ఎవల్ని కొడ్తవ్ తాతా?" అన్నాడు ఆటో డ్రైవర్.

"ముందుగాల గీ పిల్లనే. బాత్రూం దాక ఎంట వస్తది."

నేర్పే రజియా మేడమ్ రిటైరైన పీఈటీ టీచర్. ముందు అందరినీ కూర్చోబెట్టి బీపీ చూశారు. తైచీ యుద్ధవిద్యే గానీ ఇక్కడ దెబ్బలు లేవు. నీళ్లలో కదిలినట్టు చేతులు లేస్తాయి, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతుంది. ఆ కదలికల వరుస గుర్తుపెట్టుకోవడమే మెదడుకు పని. 'నిదానం' అనే మాటకు ఒళ్లుంటుందని నాకు అక్కడే తెలిసింది.

మూడో కదలికకే తాత మెడ నరాలు ఉబ్బాయి. తూలారు. మేడమ్ పరుగున వచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు.

"కాకా, దమ్మెందుకు బిగబట్టినవ్?"

"బస్తా లేపేటప్పుడు గట్లనే బిగబడ్తం గద."

"బస్తా ఏడున్నది?"

తాత తన ఖాళీ చేతుల వైపు చూసుకున్నారు. "అలవాటైపోయింది మేడమ్."

"జర పైకి లెక్కపెట్టుకుంట చెయ్యి. నోరు నడిస్తే దమ్ము ఆగది."

కాసేపు కూర్చుని, మళ్లీ బీపీ చూపించుకున్నాకే లేచారు. "ఒకటి... రెండు..." పార్కంతా వినిపించింది.

"గా కాక పత్తి వేలం పాడుతుండు!" వెనక వరుసలోంచి ఓ పెద్దావిడ నవ్వింది. తాత లెక్క ఆపలేదు. పావుగంట ఒక్కసారీ తూలలేదు.

తిరుగు బస్సులో నెమ్మదిగా అడిగారు. "రేపు యార్డుకు ఒక్కణ్ణే పోనా?"

"అప్పుడే వద్దు తాతా."

హుజూరాబాద్ దాటాక అన్నారు: "నెల దినాలు తోడు రా. గని నాలుగడుగులు ఎనుక నడువు. దోస్తులు చూస్తే ఇజ్జత్ పోతది."

ఒక్క ఉదయంతో బీపీ దారికొస్తుందని నేను రాయలేను. మాత్రలు మాత్రలే, తైచీ తైచీయే. మీరూ పెద్దవాళ్లను తీసుకెళితే క్లాసుకు పావుగంట ముందే చేరండి. బస్సు దిగగానే చూస్తే బీపీ ఎక్కువ చూపించి, వాళ్లు బెదిరిపోతారు. సోమవారం పొద్దున యార్డు దాకా వెళ్లాం. తాత ముందు, నేను నాలుగడుగుల వెనక. నలభై ఏళ్లు బరువు మోసిన మనిషికి తోడు కూడా బరువేనని, ఆ దూరం నడిచాకే నాకర్థమైంది.