అమ్మ రజాయిలో ఇడ్లీ పిండి

మా అమ్మ శ్రీకాకుళం వైపు నుంచి ఢిల్లీ వచ్చి, వసంత్ కుంజ్‌లో ఇళ్లల్లో వంట చేసి నన్ను చదివించింది. నేను అకౌంటెంట్‌నయ్యాను. నా కూతురు గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ పూర్తి చేసి, ఉద్యోగం వద్దు, ఆఫీసులకు టిఫిన్లు సప్లై చేస్తానంది. అమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది.

"మళ్లీ గరిటికాడికే వచ్చినామేటే? ఇందుకేనా సదివించింది?"

"అమ్మమ్మా, యే బిజినెస్ హై!" అంది పిల్ల. దానికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే.

రోజూ ఇదే గొడవ. మధ్యలో నా తల తినేశారు. ఇంతలో సాకేత్‌లోని ఒక ఆఫీసు నుంచి ఇడ్లీలకు మొదటి ఆర్డర్ వచ్చింది. అది బాగా కుదిరితే సరే, లేదంటే పిల్ల నోరు మూసుకుని ఉద్యోగంలో చేరాలని ఒప్పందం చేయించాను. అమ్మ మూతి మూడు వంకర్లు తిప్పింది.

అసలే జనవరి. ఈ చలికి పిండి పొంగి చస్తేనా! సాయంత్రం పిల్ల పిండి గిన్నెను ఓవెన్‌లో పెట్టి లోపలి లైటు వేసింది. నాకు నమ్మకం కుదరక, అది చూడకుండా పక్కనే మరిగిన నీళ్ల గిన్నె పెట్టాను.

తెల్లారి చూస్తే ఓవెన్‌లో నీళ్ల గిన్నె ఒక్కటే ఉంది! పిండి గిన్నె అమ్మ మంచం మీద, అమ్మ కప్పుకునే రజాయిలో చుట్టి ఉంది. మా ముగ్గురి వెచ్చదనానికి పిండి మూత తోసుకుని రజాయంతా కారింది. అమ్మేమో స్వెటర్ మీద శాలువా కప్పుకుని, ముడుచుకుని పడుకుంది. ఒక పక్క నవ్వు, ఒక పక్క ఏడుపు వచ్చాయి నాకు.

పిల్ల పిండి రుచి చూసింది. బాగా పులిసిపోయింది. "బహుత్ ఖట్టా హై," అంటూ అక్కడే కూలబడింది.

అమ్మ లేచి కూర్చుంది. "ఏటలా సూత్తారు? నూనె పెట్టండి. పునుగులేసేద్దాం."

ఇడ్లీలకు బదులు పునుగులు తెస్తానని పిల్ల ఆఫీసుకు ఫోన్ చేసి బతిమాలింది. వాళ్లు సరేనన్నారు. తీసుకెళ్లిన పునుగులన్నీ చిటికెలో అయిపోయాయట, వచ్చే వారం కూడా ఇవే కావాలన్నారట.

ఇంటికి రాగానే పిల్ల తెలుగులోనే అడిగింది. "అమ్మమ్మా, నీకిష్టం లేదన్నావు కదా? మరి నీ రజాయి ఎందుకు చుట్టావు?"

"ఇప్పుడూ ఇష్టం లేదు. నువ్వోడిపోతే సూడ్డం అసలిష్టం లేదు," అంటూ అమ్మ రజాయి గలేబు విప్పడానికి కూర్చుంది.