తక్కువ చెప్పే ఇల్లు

మా ఆయన గోదావరిలో వల వేసే మనిషి. నరసాపురం రేవులో పడవ ఒడ్డుకి వస్తున్నప్పుడు ఎవరైనా "ఏం పడ్డాయి బావా" అని అడిగితే, పడవ అడుగున పండుగప్ప తోక టపటపా కొట్టుకుంటున్నా సరే, "ఏం పడతాయి, నీళ్ళు పడ్డాయి" అంటాడు. చేప తట్టలోకి చేరేదాకా ఆయన నోట మంచి మాట రాదు. ముందే చెప్పేస్తే నలుగురి కళ్ళూ పడి, ఉన్నది కూడా జారిపోతుందని నమ్మకం.

ఆయన్ని అనడానికి నాకేం హక్కు లేదు. నేను లేసు అల్లుతాను. మా అరుగు మీద మధ్యాహ్నం నలుగురైదుగురు ఆడవాళ్ళం సూదులు పట్టుకుని కూర్చుంటాం. టేబుల్ గుడ్డ పూర్తయి ఒడిలో మడత పెట్టి ఉన్నప్పుడు కూడా, "ఎంతవరకు వచ్చింది వదినా" అని పక్కింటావిడ అడిగితే "ఎక్కడండీ, ఇంకా అంచు దగ్గరే ఉన్నాను" అనే అంటాను. ఆవిడ నమ్మదు. నేను అడిగినప్పుడు ఆవిడా అదే చెబుతుంది, నేనూ నమ్మను. ఇలా ఒకరినొకరు నమ్మకుండా ఇరవై ఏళ్ళుగా చాలా స్నేహంగా ఉన్నాం.

చదువు గురించి కూడా చెప్పేస్తాను. ఆరో తరగతిలో లెక్కల మాస్టారు నన్ను బెంచీ ఎక్కించారు. బెంచీ పక్కనే కిటికీ ఉంది. ఎక్కించింది ఆయన, దిగింది నేను, కాకపోతే అవతలి వైపుకి. మళ్ళీ ఆ బడి గడప తొక్కలేదు. అప్పటికే రాయడం, చదవడం వచ్చేశాయి. అసలు రాకపోయి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

మా మనవరాలు పిలవని పేరంటానికి వచ్చినట్టు రెండు నెలల ముందే వచ్చేసింది. మా అమ్మాయికి బీపీ పెరిగి, కాళ్ళు వాచి, కళ్ళు మసకలు కమ్మితే రాజమండ్రిలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఇంక ఆగితే తల్లికే ప్రమాదమని వెంటనే ఆపరేషన్ చేశారు. అల్లుడు సముద్రం మీద వేటలో ఉన్నాడు. పిల్లని ముందు చూసింది నేనే. కిలో పావు. అంత బరువు వంకాయలు కొంటే మా ఇంట్లో రెండు పూటలకి చాలవు. గాజు పెట్టెలో, గొట్టాల మధ్య, ముసలి మొహం వేసుకుని పడుకుని ఉంది.

మూడో రోజున ట్యాబ్ పట్టుకుని ఒక నర్సమ్మాయి వచ్చింది.

"అమ్మమ్మగారూ, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి నొప్పి ఎలా తెలుస్తుంది, దాన్ని ఎలా తగ్గించాలి, ఇంటికెళ్ళాక వాళ్ళు ఎలా ఎదుగుతారు అన్న దాని మీద మేం పరిశోధన చేస్తున్నామండి. మీ పాపని కూడా చేర్చుకోవచ్చా?"

"పరిశోధనలు ఎలకల మీద చేస్తారని విన్నానమ్మా. ఎలకలు అయిపోయాయా?"

అమ్మాయి నవ్వింది. కొత్త మందులేవీ ఎక్కించరట. చూసి రాసుకోవడమేనట. మా అమ్మాయి మంచం మీద నుంచే సంతకం పెట్టింది.

ఇంత చిన్న పిల్లలకి నొప్పి తెలియదని ఒకప్పుడు డాక్టర్లే అనుకునేవారట. అలా అనుకున్నవాళ్ళ మడమలో ఒక సూది గుచ్చి అడగాల్సింది. పిల్లకి రక్తం తీయాలంటే మడమలోనే గుచ్చుతారు. గుచ్చినప్పుడు ఈ అమ్మాయి వీడియో తీసి, నుదురు ముడిచిందా, కళ్ళు బిగించిందా, ముక్కు పక్కన గీత పడిందా అని చూసి మార్కులు వేస్తుంది. ఈ పద్ధతి నాకేం కొత్త కాదు. కూరలో ఉప్పెక్కువైన రోజు మా ఆయన మొహం మీద ముప్పై ఏళ్ళుగా నేను చేస్తున్నది ఇదే.

పిల్లని ఒంటికి ఆనించుకుని గుండెల మీద పడుకోబెట్టుకుంటే నొప్పి తగ్గుతుందట. తల్లి ఇంకా లేవలేని స్థితిలో ఉంది కాబట్టి ఆ ఉద్యోగం నాకిచ్చారు. అందులో కష్టమల్లా ఒక్కటే, గుచ్చేటప్పుడు నేను మాట్లాడకూడదు. మాటకి ఊరుకుందో, ఒంటి వెచ్చదనానికి ఊరుకుందో వాళ్ళకి తేలదట. నోరు మూసుకుని పావుగంట కూర్చోవడం నా జన్మలో అదే మొదలు. మా ఆయన తలుపు అద్దంలోంచి చూసి, ఇది నిజమేనా అని ఆయాని అడిగాడట.

గుచ్చారు. పిల్ల నుదురు ముడిచింది, నోరు తెరిచింది, మళ్ళీ నా గుండెల్లోకి ఒదిగిపోయింది.

"పెట్టెలో ఉన్నప్పటికంటే ఈసారి తక్కువే ఏడ్చిందండి" అంది నర్సమ్మాయి.

"తక్కువేనా? అయితే మా ఇంటి పిల్లే" అన్నాను.

ఆ అమ్మాయి తల్లుల నొప్పి గురించి కూడా అడిగేది. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేనంత. కుట్లు సలుపుతుంటే మంచం చువ్వని రెండు చేతులా పట్టుకుని మా అమ్మాయి "రెండండి" అంది.

"దాన్ని అడక్కమ్మా, ఆ చువ్వని అడుగు" అన్నాను నేను. చివరికి ఏడు అని ఒప్పుకుంది. మాత్ర ఇచ్చాక నిద్రపోయింది. మావాళ్ళం నొప్పినీ తక్కువే చెబుతాం, సుఖాన్నీ తక్కువే చెబుతాం. మొహంలో ఉన్నది ఉన్నట్టు చూపించేది మా మొత్తానికి ఆ కిలో పావు మనిషి ఒక్కతే.

పిల్ల రెండు కిలోలకి చేరువయ్యాక ఇంటికి పంపారు. పంపేముందు డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. ముందు పుట్టిన పిల్లలకి చూపులోనో, వినికిడిలోనో, కాళ్ళూ చేతుల్లోనో ఎక్కడో ఒకచోట వెనకబాటు రావచ్చు. అది ఎంత తొందరగా తెలిస్తే అంత బాగుచేయవచ్చు. అందుకని ఒక పుస్తకం ఇచ్చారు. ఎంతసేపు పాలు తాగింది, కక్కిందా, ఎంత నిద్రపోయింది, మొహంలోకి చూస్తోందా, పెద్ద శబ్దానికి ఉలిక్కిపడుతోందా అన్నవి రోజూ రాయాలి. ప్రతి లక్ష్మివారం ఆ పేజీలు ఫోటో తీసి పంపాలి, వాళ్ళూ ఫోన్ చేసి అడుగుతారు. చెవుల పరీక్ష ఆ రోజు పిల్ల ఏడుపుకి తేలలేదు. నెల తర్వాత మళ్ళీ తీసుకురమ్మన్నారు.

"మేం మీ ఇంటికి రోజూ రాలేం. ఈ పుస్తకమే మాకు కళ్ళు" అంది డాక్టరమ్మ.

మా అమ్మాయికి పిల్లతోనే సరిపోయేది, కాబట్టి పుస్తకం రాసే పని నాది. అక్కడే వచ్చింది తంటా. పుస్తకం టీవీ పక్కన ఉండేది. పిల్లని చూడ్డానికి వచ్చిన ప్రతి మనిషీ ముందు పిల్లని చూసి, తర్వాత ఆ పుస్తకం తిరగేసేవారు. చదువు రానివాళ్ళు కూడా తిరగేశారు. నా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే వినపడదు, స్పీకరే గతి. నర్సమ్మాయి అడిగినప్పుడల్లా అరుగు మీద సూదులన్నీ ఆగిపోయేవి. ఇంతమంది మధ్య, నెలలు నిండని పిల్ల పావుగంట ఆగకుండా పాలు తాగుతోందని రాస్తే ఇంకేమన్నా ఉందా? దిష్టికి నల్లరాయి కూడా పగులుతుందంటారు. ఇది రాయి కూడా కాదు.

పావుగంట తాగితే ఐదు నిమిషాలని రాశాను. కక్కకపోయినా రెండుసార్లు కక్కిందని రాశాను. మొహంలోకి గుచ్చి గుచ్చి చూస్తుంటే, చూడట్లేదని రాశాను.

"అమ్మా, అబద్ధాలు రాస్తున్నావు" అంది మా అమ్మాయి.

"అబద్ధం కాదే, అణకువ."

"డాక్టరుగారికి అణకువేంటి?"

"డాక్టరు కళ్ళు మాత్రం కళ్ళు కావా?"

మా ఆయన నా వైపే మాట్లాడాడు. పడవ ఇంకా ఒడ్డుకి చేరలేదు కదా అన్నాడు. ఇంటిల్లిపాదిలో ఇద్దరం ఒక మాట మీద ఉండడం అరుదు కాబట్టి మా అమ్మాయి ఊరుకుంది. నెల తర్వాత చెవుల పరీక్షకి వెళ్ళాల్సిన వారం వాన పట్టుకుంది. తడిలో పసిపిల్లని రైలెక్కించడం దేనికని నేనే వాయిదా వేశాను. వినికిడికేం లోటని. పైగా కుక్కర్ నాలుగు కూతలు వేసినా కదలకుండా పడుకునేది, రాణీగారి నిద్ర అని మురిసిపోయేదాన్ని. ఉలిక్కిపడుతోందా అన్న చోట మిగతా వాటితో పాటు "లేదు" అని రాసేసి పేజీ తిప్పేసేదాన్ని.

ఆరో లక్ష్మివారం ఫోన్లో నర్సమ్మాయి గొంతులో నవ్వు లేదు.

"అమ్మమ్మగారూ, డాక్టరుగారు పేజీలన్నీ చూశారండి. రేపే పాపని తీసుకురండి. మళ్ళీ చేర్చుకోవాల్సి రావచ్చు. రక్తపరీక్షలు, తలకి స్కానింగ్ కూడా ఉంటాయి."

మా అమ్మాయి నా వైపు చూసిన చూపు నేను ఇక్కడ రాయను.

మర్నాడు పొద్దున్న రైల్లో పిల్ల నా ఒళ్ళోనే ఉంది. దాని మడమ నా బొటనవేలి కింద ఉంది. పాత సూది మచ్చలు నువ్వుగింజల్లా ఇంకా ఉన్నాయి. నా అణకువకి గుచ్చేది ఈ మడమకే అనుకుంటూ నిడదవోలు దాకా దాన్నే నిమురుతూ కూర్చున్నాను. మా ఆయన రెండుసార్లు నీళ్ళు కావాలా అని అడిగాడు.

డాక్టరమ్మ పిల్లని తూకం మీద పెట్టింది. పుస్తకం చూసింది, మళ్ళీ తూకం చూసింది.

"ఈ పుస్తకంలో ఉన్న పాలతో పిల్ల ఇంత బరువు పెరగడానికి వీల్లేదు. వేరే ఏమన్నా పట్టిస్తున్నారా?"

"లేదండి, తల్లిపాలే."

"మరి ఇదెలా జరిగింది?"

పక్కన ట్రేలో సూది, దూది సిద్ధంగా ఉన్నాయి. ఏదో ఒక జోకు వేసి తప్పించుకుందామని చూశాను. ఒక్కటీ తట్టలేదు.

"నేను తక్కువ రాశానండి. దిష్టి తగులుతుందని" అన్నాను.

డాక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ పెన్ను తీసి మొదటి పేజీ తెరిచింది.

"సరే. ఒక్కొక్కటీ అడుగుతాను. నిజం చెప్పండి. పాలు ఎంతసేపు తాగుతోంది?"

చుట్టూ బెంచీల మీద పదిమంది తల్లులున్నారు, వాళ్ళ ఒళ్ళో మా పిల్లకంటే బక్కపిల్లలున్నారు. వాళ్ళందరి ముందు గొంతెత్తి చెప్పాలి.

"పావుగంట... ఒక్కోసారి ఇరవై నిమిషాలు."

"కక్కుతోందా?"

"లేదండి."

"మొహంలోకి చూస్తోందా?"

"చూస్తుందండి. మా ఆయన మీసం మీద నుంచి చూపు తిప్పదు."

ఆవిడ ఒక్కో "లేదు" మీద గీత కొట్టుకుంటూ వచ్చింది. నర్సమ్మాయి ట్రే పక్కకి జరిపింది. నాకు ఊపిరి వచ్చింది.

"శబ్దానికి ఉలిక్కిపడుతోందా?"

అప్పటికి ఊపు మీద ఉన్నాను. అవునని చెప్పబోయి ఆగిపోయాను. కుక్కర్, పడిపోయిన ఇత్తడి బిందె, వీధిలో బ్యాండు మేళం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"అది లేదండి" అన్నాను. "అది మాత్రం నిజంగానే లేదు."

ఆవిడ పెన్ను ఆగింది. పిల్ల తల వెనక గిలక్కాయ ఆడించింది. పిల్ల కిటికీ వెలుతురు చూస్తూ ఉంది. గట్టిగా చప్పట్లు కొడితే, అప్పుడు రెప్ప ఒకటి కొట్టింది.

"మొదటి వారం నుంచీ ఇది రాసే ఉంది" అంది డాక్టరమ్మ మెల్లగా. "పాలు తాగట్లేదు, కక్కుతోంది, చూడట్లేదు అని ఉంటే నేను వాటి వెంట పడ్డాను. ఇన్ని లేదుల మధ్య ఈ లేదు నాకు కనపడలేదు."

ఆవిడ తన తప్పులా చెప్పింది. ఎవరి తప్పో నాకు తెలుసు.

సూదులేమీ అక్కర్లేకపోయాయి. పిల్ల నిద్రపోయాక తలకి వైర్లు అంటించి చెవుల పరీక్ష చేశారు. నొప్పి లేదు, ఏడుపు లేదు. గట్టి మాట వినపడుతుంది, మెల్లని మాట వినపడదు అని తేలింది. చెవికి మెషిన్ పెడితే మాటలు నేర్చుకోవడానికి ఇబ్బంది ఉండదట. పోయిన ఆరు వారాలు పెద్ద నష్టం కాదని, ఆరేడు నెలలు పోయి ఉంటే నష్టమేనని డాక్టరమ్మ చెప్పింది.

"మెషిన్ వచ్చేదాకా దగ్గరగా, గట్టిగా మాట్లాడుతూ ఉండండి" అంది.

అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ మా ఆయన నోరు తెరిచాడు.

"దానికి బెంగలేదండి. మా ఆవిడ నరసాపురంలో మాట్లాడితే అవతలి ఒడ్డున సఖినేటిపల్లిలో సమాధానం చెబుతారు."

డాక్టరమ్మ నవ్వింది. మా అమ్మాయి కూడా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది. నొప్పి ఎంత అని ఆ పూట దాన్ని ఎవరూ అడగలేదు.

మెషిన్లు వచ్చి నెలయింది. ఒక్కోటీ వేపకాయంత ఉంటుంది. మా మనవరాలు రోజుకి పదిసార్లు పీకి నోట్లో పెట్టుకుంటుంది, మేం పదిసార్లు తుడిచి పెడతాం. ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. పుస్తకం టీవీ పక్కనే ఉంటోంది, చూసేవాళ్ళు చూస్తున్నారు.

పోయిన లక్ష్మివారం అరుగు నిండా మనుషులుండగా ఫోన్ వచ్చింది.

"పాలు ఎలా తాగుతోందండి అమ్మమ్మగారూ?"

"బాగా తాగుతోందమ్మా."

పక్కింటి వదిన సూది ఆపి నా మోకాలు మీద గిల్లింది. "మెల్లగా అనండి వదినా" అని గుసగుసలాడింది.

"నిద్ర?"

"బాగానే పోతోంది."

మళ్ళీ గిల్లింది, ఈసారి గట్టిగా. వదినది నిజంగా నా మీద ప్రేమే. నాకు లోపల పీకుతూనే ఉంది. చేతిలో లేసు తడిసిపోయింది.

"పిలిస్తే తల తిప్పుతోందాండి?"

పిల్ల చాప మీద బోర్లా పడుకుని ఉంది. నేను ఫోన్ కింద పెట్టి, మామూలు గొంతుతో, ఇంట్లో మనిషిని పిలిచినట్టు పిలిచాను. దానికి రెండు లిప్తలు పట్టింది. తల ఎత్తి నా వైపు తిరిగింది.

అరుగు మీద అందరూ చూశారు.

"తిప్పుతోందమ్మా" అన్నాను ఫోన్లో. "రాసుకో."