ఆఖరి కెల్బర్న్ కుడి ఫెండరు

2023 ఏప్రిల్. మిషిగన్‌లో చలి పోయినట్టే పోయి మళ్ళీ వెనక్కొచ్చి పలకరించే రోజులు. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో, కార్లకి రంగులు తయారుచేసే ఒక కంపెనీ ల్యాబ్‌లో నా ఉద్యోగం. పని పేరు కలర్ మ్యాచింగ్. కారుకి దెబ్బ తగిలి ఒక్క డోరు మార్చారనుకోండి, కొత్త డోరు రంగు మిగతా కారు రంగులో కలిసిపోవాలి. అలా కలిసే రంగుని కలిపి ఇవ్వడం మా వంతు. చీరకి జాకెట్టు గుడ్డ వెతకడం లాంటిదే, కాకపోతే జీతమిస్తారు.

ఇందులో ఒక చిక్కుంది. కొన్ని రంగులు ఎండలో కవలపిల్లల్లా ఉంటాయి, లైటు మారగానే ఒకదాని మొహం ఒకటి చూడవు. దీన్ని మావాళ్ళు మెటామెరిజం అంటారు. పేరు తెలియకపోయినా తెనాలిలో మా అమ్మకి ఈ సంగతి బాగా తెలుసు. మ్యాచింగ్ సెంటరు వాడు "ఇక్కడే చూడండమ్మా, లైటు బాగానే ఉందిగా" అని మొత్తుకుంటున్నా, చీరనీ గుడ్డనీ పట్టుకుని రోడ్డు మీద ఎండలోకి వచ్చేసేది. ట్యూబులైటుని నమ్మినవాళ్ళు ఇంటికెళ్ళి ఏడవాల్సిందే అనేది. ఆ నమ్మకమే నాకూ వచ్చింది. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఏ రంగయినా ఎండలోకి తీసుకెళ్ళి చూడందే నేను సంతకం పెట్టలేదు.

ఆ రోజు రిసెప్షన్‌లో గొడవ వినిపించి బయటికి వచ్చాను. డెబ్బై దాటిన ఒక నల్లజాతి పెద్దావిడ, పొడుగ్గా, ఎర్రటి కోటు వేసుకుని నిలబడి ఉంది. మా మేనేజరు కుదరదంటున్నాడు, ఆవిడ కదలనంటోంది.

"ఈ బిల్డింగులో రంగు చూడగల కళ్ళున్న మనిషి ఒక్కరైనా ఉన్నారా?" అంది నన్ను చూసి.

నాకు అసలే ముక్కుమీద కోపం. "ఉన్నాను. ఏం చూడాలి?" అన్నాను.

"అయితే రా హనీ, పార్కింగ్ లాట్‌లోకి," అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. ఆవిడ పేరు లొరెట్టా. డెట్రాయిట్ పద్ధతిలో మేమందరం తర్వాత మిస్ లొరెట్టా అనే పిలిచాం.

పార్కింగ్‌లో ఒక కెల్బర్న్ కారు. దాని రంగు చూస్తూ చుట్టూ ఒకసారి తిరిగాను. పొయ్యిమీద కొత్త బెల్లం పాకం వచ్చే ముందు, గరిటె ఎత్తితే వెలుతురు పడి మెరుస్తుందే, అచ్చం ఆ రంగు. కంపెనీ పెట్టిన పేరు హార్వెస్ట్ కాపర్.

కెల్బర్న్ గురించి ఈ తరంవాళ్ళకి చెప్పాలి. మిగతా కంపెనీలు నలుపూ బూడిదా అమ్ముకుంటున్న కాలంలో, నెమలికంఠం రంగు, చిలకాకుపచ్చ, ముదురు కనకాంబరం పూసి కార్లు రోడ్డు మీదికి వదిలిన బ్రాండ్ అది. ధనవంతుల కారు కాదు. స్కూలు టీచర్లు, నర్సులు, ఫ్యాక్టరీ ఫోర్‌మన్లు కొనుక్కునేవారు. వీధిలో ఒక్క కెల్బర్న్ ఉంటే ఆ వీధికే కళ వచ్చేదట. అమ్మకాలు ఏటేటా పెరిగి, ఒక ప్లాంటు రెండయి, రెండు మూడయ్యాయి.

ఆ బ్రాండ్ చితికిపోవడం కూడా మా ల్యాబ్ అలమరలోని కలర్ చార్టుల్లో కనిపిస్తుంది. పెద్ద కంపెనీ ఒకటి కెల్బర్న్‌ని కొన్నాక, ఇన్ని రంగులు దండగ అని లెక్కలవాళ్ళు తేల్చారు. ఏటా చార్టు చిక్కిపోయింది. తర్వాత వేరే బ్రాండ్ కారుకే కెల్బర్న్ బిళ్ళ తగిలించి అమ్మారు. చివరికి తెలుపు, నలుపు, సిల్వర్, బూడిద మిగిలాయి. పక్కవాడి కారులాగే ఉన్నదాన్ని జనం పనిగట్టుకుని ఎందుకు కొంటారు? ఆర్థిక మాంద్యంలో ఆఖరి ప్లాంటుకి తాళం పడింది.

ఆ ప్లాంటు పెయింట్ షాపులో లొరెట్టా ఇన్‌స్పెక్టరు. రంగు పడిన ప్రతి కారునీ చూసి పాస్ చేసేది ఆవిడే. ఆఖరి కారుకి సిల్వర్ వెయ్యాలని ఆర్డరొచ్చిందట. పెయింట్ షాపువాళ్ళకి ఒళ్ళు మండింది. అంతకు ముందే ఆపేసిన హార్వెస్ట్ కాపర్ ఒక డ్రమ్ములో అడుగున మిగిలి ఉంటే అదే పూసేశారు. ప్లాంటు మేనేజరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. తర్వాత ఉద్యోగుల లాటరీలో ఆ కారు లొరెట్టాకే వచ్చింది.

"ఇప్పుడు దీన్ని మ్యూజియంకి ఇస్తున్నాను," అంది. "ఇక్కడే, మోటారు కార్ల మ్యూజియం. మూతబడ్డ బ్రాండ్లకి కొత్త హాలు కడుతున్నారు. కెల్బర్న్‌కి ఒక్క కారుకే చోటు. అంతా బాగానే ఉంది, ఈ కుడి ఫెండరు తప్ప."

ఫెండరంటే ముందు చక్రం మీద ఉండే రేకు. గరాజ్‌లో అలమర పడి సొట్టపోతే, ఎవరో బాడీ షాపువాడు రంగు వేశాడు. బయట చూస్తే పరవాలేదు. మ్యూజియం లైట్ల కింద మాత్రం పాచిపట్టినట్టు పచ్చగా కనిపించిందట. కారంతా మళ్ళీ రంగు వేస్తే ఫ్యాక్టరీ రంగు పోతుంది, అది వాళ్ళకి పనికిరాదు. ఆగస్టులో మ్యూజియం కమిటీ వచ్చి చూస్తుంది. రంగులో తేడా కనిపిస్తే ఇంకొకరి దగ్గరున్న కెల్బర్న్ తీసుకుంటారు.

"అది ఏ రంగు?" అని అడిగాను.

"సిల్వర్," అంది లొరెట్టా. "కెల్బర్న్ అంటే సిల్వర్ కారని రేపు పిల్లలు అనుకోవాలా? మేం బతుకంతా ఏం చేశామో ఎవరికీ తెలియకుండా పోవాలా?"

మా మేనేజరు ఒక్క ఫెండరుకి ఇంత హంగామా ఎందుకన్నాడు. "మీ నాన్నగారు మొదట కొన్న కారు ఏది?" అని అడిగాను. కాసేపు నసిగి, "కెల్బర్న్. నీలం," అన్నాడు. లంచ్ టైంలో చేసుకోమన్నాడు.

నాకేం తక్కువ నమ్మకమా! రంగు కలిపి, ఒక రేకు ముక్క మీద వేసి, దాన్నీ కారునీ స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలిచాను. రంగుని అంకెల్లోకి మార్చి, రెంటికీ ఎంత తేడా ఉందో చెప్పే యంత్రం అది. తేడా దాదాపు లేదంది. ఎండలో పట్టి చూశాను. మా అమ్మ చూసినా మెచ్చుకునేది. గర్వంగా ఆ రేకు ముక్క పట్టుకుని, లొరెట్టా కారులోనే మ్యూజియంకి వెళ్ళాం. హాల్లో లైట్లు వేశారు. రేకు ముక్క ఎండిన గోంగూర రంగులోకి తిరిగిపోయింది.

ఆ హాలు చూసుకునే క్యూరేటరు మంచివాడు, పాపం తప్పు లైట్లదే అన్నాడు. లొరెట్టా మాత్రం, "హనీ, మ్యూజియంలో ఎండ ఎక్కడుంది?" అంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఎక్కడ కట్టుకునే చీరో కనుక్కోకుండా ఎండలో మ్యాచింగ్ చూశానన్నమాట.

సరే, ఈసారి మ్యూజియం లైటు లాంటిదే ల్యాబ్‌లో పెట్టుకుని, దాని కిందే కలిపాను. అద్భుతంగా కుదిరింది. లొరెట్టాని పిలిచి చూపించాను. ఆవిడ ఆ రేకు పట్టుకుని తిన్నగా బయటికి నడిచింది, ఎండలోకి. ఎర్రగా, మాడిన అట్టులా ఉంది.

"ఇది నాకొద్దు," అంది. "ఆగస్టులో ఈ కారుని వుడ్‌వర్డ్ అవెన్యూ మీద నేనే నడుపుకుంటూ మ్యూజియంకి తీసుకెళ్తాను. మా షిఫ్టువాళ్ళందరూ రోడ్డు పక్కన కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. వాళ్ళ ముందు ఈ ఫెండరు వేసుకుని వెళ్ళనా?"

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఎండలో కుదిరితే లైటు కింద చెడింది, లైటు కింద కుదిరితే ఎండలో చెడింది.

ఆ శనివారం మా స్నేహితురాలు సుజాత ఇంట్లో భోజనాలు. తనది కరీంనగర్, ఇక్కడ బ్రేకులు టెస్ట్ చేసే కంపెనీలో ఇంజనీరు. పప్పు వడ్డిస్తూ నా ఏడుపంతా విని, ఒక్క మాట అంది.

"ఇంతగనం మ్యాచింగ్ ఎందుకు ఎతుకుతున్నవే? దానికి రన్నింగ్ బ్లౌజ్ లేదా?"

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. రన్నింగ్ బ్లౌజ్ అంటే చీరతోపాటే, అదే గుడ్డలో వచ్చే జాకెట్టు ముక్క. దానికి మ్యాచింగ్ చూడక్కర్లేదు, ఏ వెలుతురులో అయినా ఒకటే, ఎందుకంటే గుడ్డే ఒకటి. నేను ఇన్నాళ్ళూ వేరే పొడులతో ఆ రంగుని అనుకరిస్తున్నాను. నాకు కావలసింది ఆ రంగులో వేసిన అసలు పొడి, పిగ్మెంట్. అదొక్కటీ దొరికితే ఎండకీ లైటుకీ గొడవే ఉండదు.

సోమవారం పొద్దున్నే ఆ పిగ్మెంట్ తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేశాను. పాత ఉద్యోగి ఒకాయన దొరికాడు.

"అది ఎప్పుడో ఆపేశామమ్మా. కార్లవాళ్ళు కొనడం మానేశాక ఇంకెవరి కోసం చెయ్యాలి? బొమ్మలు వేసుకునేవాళ్ళు మాత్రం ఇప్పటికీ మమ్మల్ని తిడుతూ ఉత్తరాలు రాస్తారు."

"బొమ్మలు వేసుకునేవాళ్ళెవరు?"

"నీటిరంగులవాళ్ళు. వాళ్ళ గోధుమ బంగారు రంగు ట్యూబుల్లో ఉన్నది మా పొడే కదా."

ఎంకి పెళ్ళి సుబ్బి చావుకొచ్చిందంటే ఇదీ! డెట్రాయిట్‌లో కార్లకి సిల్వర్ పూస్తే, ఎక్కడో సూర్యాస్తమయాలు వేసుకునేవాళ్ళకి రంగు కరువైంది. నీటిరంగులు సొంతంగా నూరి అమ్మే చిన్న షాపు దగ్గర్లోని ఆన్ ఆర్బర్ ఊళ్ళో ఒకటుందని తెలిసింది. అడిగితే ఆ షాపావిడ, "డబ్బాలో కొంచెం ఉంది, అమ్మను," అని ఫోన్ పెట్టేసింది.

నాకు పట్టుదల పెరిగింది. లొరెట్టాకి చెప్పాను. ఆవిడ, "నువ్వేం మాట్లాడకు, కారెక్కు," అంది. జూన్ ఎండ ఫెళఫెళలాడుతుంటే, ఆ కారుని సరిగ్గా షాపు అద్దాల ముందు ఆపి హారన్ కొట్టింది.

చేతులకి రంగులంటుకున్న ఒక సన్నటావిడ విసుగ్గా బయటికి వచ్చింది. కారు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. మెల్లగా వచ్చి బానెట్ మీద అరచెయ్యి పెట్టింది.

"ఇది... అదేనా?" అంది.

"అదే," అన్నాను.

"మేం చుక్క చుక్క దాచుకుని వాడుకునే రంగుని మీరు కారంతా పూశారా!"

"ఒక్క కారుకా?" అంది లొరెట్టా నడుం మీద చెయ్యి వేసుకుని. "రోజూ పూశామమ్మా. షిఫ్టు షిఫ్టుకీ పూశాం. వీధులన్నీ ఇదే రంగు."

షాపావిడ కళ్ళు తుడుచుకుంది. లోపలికెళ్ళి డబ్బా తెచ్చి లొరెట్టా చేతిలో పెట్టింది. డబ్బులు తీసుకోనంది. కారులో ఒక్కసారి తిప్పమంది. లొరెట్టా ఆవిణ్ణి ఊరంతా తిప్పింది, వెనక సీట్లో డబ్బా ఒళ్ళో పెట్టుకుని నేను.

తర్వాత పని నాది. పొడిని, రంగుని రేకుకి పట్టించే జిగురు, అదే రెజిన్‌తో కలిపి మెత్తగా నూరాను. మెటాలిక్ రంగుకి ఫ్లాప్ అని ఒకటుంటుంది, అంటే ఎదురుగా ఒకలా, పక్కనుంచి ఒకలా కనిపించడం. అది కూడా కలిసేదాకా అల్యూమినియం పలుకులు మార్చి మార్చి చూశాను. మా స్ప్రే టెక్నీషియన్ ఊపిరి బిగబట్టి ఫెండరుకి కొట్టాడు. ఎండలో చూశాం, లైట్ల కింద చూశాం, సాయంత్రం నీడలో చూశాం. ఒకటే రంగు! ల్యాబ్‌లో నేను వేసిన కేకకి మేనేజరు పరిగెత్తుకొచ్చాడు, ఏదో పేలిందనుకుని.

ఆగస్టులో లొరెట్టా చెప్పినట్టే జరిగింది. వుడ్‌వర్డ్ మీద ఆ కారు వెళ్తుంటే రోడ్డు పక్కన ముసలివాళ్ళు కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. కొందరు ఏడ్చారు, చాలామంది ఈలలు వేశారు. పక్కసీట్లో కూర్చున్న నేను మహారాణిలా చెయ్యి ఊపాను. నాకేం హక్కుందని అడగకండి, ఊపాను.

మ్యూజియం హాల్లో కమిటీవాళ్ళు ముగ్గురు. "ఇందులో ఒక భాగానికి కొత్తగా రంగు వేశారు. ఏదో కనిపెట్టండి," అన్నాడు క్యూరేటరు. జీవితమంతా పాతకార్లు పరీక్షించిన ఒక పెద్దాయన టార్చి తీసుకుని చుట్టూ తిరిగాడు, వంగాడు, కూర్చున్నాడు, మళ్ళీ తిరిగాడు. చివరికి లేచి, డ్రైవరు వైపు డోరు మీద వేలు పెట్టాడు. "ఇది. కొంచెం అనుమానంగా ఉంది."

ఎవరేమనుకుంటే నాకేం, చప్పట్లు కొట్టేశాను. క్యూరేటరు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. కారు అక్కడే, ఆ చోట్లోనే ఉండిపోయింది.

ఈ కేసు తర్వాత నా పద్ధతి మారింది. ఎవరు రంగు తెచ్చినా, "దీన్ని ఎక్కడ, ఎవరు చూస్తారు?" అని ముందే అడుగుతాను. సరిపోయే రంగు వేరు, అదే రంగు వేరు అని కొత్తగా చేరినవాళ్ళకి విసుగొచ్చేదాకా చెబుతాను. సగంలో వదిలేద్దామనిపించినప్పుడల్లా ఆ హాల్లోకి వెళ్ళి ఒకసారి నిలబడి వస్తాను. బడిపిల్లలు ఆ కారు దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు.

ఆ రోజు కమిటీ పెద్దాయన టార్చి ఆర్పి, ఓడిపోయినట్టు చేతులెత్తి, "సరే, నాదే తప్పు. మరి ఏది?" అని అడిగాడు.

"నువ్వు వేలు పెట్టిన డోరు ఫ్యాక్టరీది, నేను పాస్ చేసిందే," అంది లొరెట్టా. తాళంచెవి క్యూరేటరు చేతిలో పెట్టి, చేతిసంచి భుజానికి తగిలించుకుంది. "కొత్తగా రంగు వేసింది ఏదో మాత్రం చెప్పను. మ్యూజియం మీదేగా, తీరిగ్గా వెతుక్కోండి."