మూత తీయని ముప్పై మూడు ఫోటోలు

“గా మూత తియ్యకుంటనే ఫోటోలు పడ్తయా సారూ?” అని లక్ష్మవ్వ అడిగేసరికి కెమెరా తిప్పి చూసుకున్నాను. లెన్సు మీద మూత అలాగే ఉంది. అప్పటికే ముప్పై మూడు ఫోటోలు తీశాను. కోతవాళ్లు చెరకును దాదాపు అంతా కొట్టేశారు.

విలేకరిగా రిటైరయ్యాక ఓ పాత రేంజ్‌ఫైండర్ ఫిల్ము కెమెరా కొన్నాను. దాని పనితనానికి ముగ్ధుణ్ణయ్యాను. ఇందులో మనం చూసేది లెన్సులోంచి కాదు, పక్కనున్న చిన్న కిటికీలోంచి. ఫోటో మసకగా రాకుండా, అక్కడ రెండుగా కనిపించే బొమ్మ ఒక్కటయ్యేదాకా లెన్సు తిప్పాలి. లెన్సుకు మూత ఉన్నా కిటికీలో అంతా చక్కగానే కనిపిస్తుంది. కొత్త కావడంతో నాకది తట్టలేదు.

మోస్రా ఊరి దగ్గర లక్ష్మవ్వ, సాయిలు దంపతులు ఆ ఏడాదితో చెరకు మాని వరికి మారుతున్నారు. ఆఖరి చెరకు తోట ఫోటోలో ఉండాలని నన్ను పిలిచారు.

“ముందుగాల సెప్పొద్దా?” అని సాయిలు భార్యను కసిరాడు.

“పేపరు సారుకు నేను సెప్తనా? గట్లనే తీస్తరేమో అనుకున్న” అందామె.

సాయిలు కోతవాళ్ల వైపు తిరిగాడు. “అన్నా, జర ఆపుండ్రి. గా రెండు సాళ్లు ఉండనియ్యిండ్రి.”

ఆ రెండు సాళ్ల ముందు ఇద్దరూ నిలబడ్డారు. కిటికీలో బొమ్మ ఒక్కటయ్యేదాకా ఎండలో కదలకుండా ఉన్నారు. ఫిల్ములో మిగిలిన మూడూ అలా తీశాను. అంత ఓపిక నేను మరెక్కడా చూడలేదు.

ఫిల్ము కడిగించడానికి హైదరాబాద్ పంపాను. ఆ పొలంలో వరినాట్లు కూడా పడ్డాయి. ఆ మూడు ఫోటోలు వచ్చాయో లేదో ఇంకా తెలియదు.