చదవకముందే రాసిన చిప్పు

ధర్మా నాయక్ బడికి పోయింది ఏడో తరగతి దాకానే. చివ్వెంల పక్క తండాలో పుట్టినవాడు, ఇంట్లో లంబాడీ మాట, తెలుగు పేపరు ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతాడు. చిప్పును చదవమంటే మాత్రం సూర్యాపేటలో అతని తర్వాతే ఎవరైనా. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో రంగు మారిన గింజల్ని ఏరే మిషన్లు మూలబడితే, వాటి బోర్డులు బస్టాండు వెనక అతని గదికే వస్తాయి. డిగ్రీలున్నవాళ్లు బోర్డు మొత్తం మార్చమంటారు. ధర్మా దానితో మాట్లాడి చూస్తాడు.

మాట్లాడటమంటే మంత్రమేమీ కాదు. ఎనిమిది కాళ్ల చిప్పులో వరసగా గదులుంటాయి, గదికో అంకె. బయటికి రెండే తీగలు. ఒకటి లయ చూపిస్తుంది, ఇంకోదాని మీద మాట నడుస్తుంది. చిప్పును దాని నంబరుతో పిలిచి చివర ఒకటి పెడితే, తనలో ఉన్నది చెబుతుంది. సున్నా పెడితే మనం చెప్పింది రాసుకుంటుంది, పాతది చెరిగిపోతుంది. ఆ ఒకటికీ సున్నాకీ ధర్మా, చిప్పుతో మాట్లాడేందుకు తను కట్టుకున్న డబ్బాకు స్విచ్చి పెట్టుకున్నాడు. పైకి వేస్తే చదువు, కిందికి వేస్తే రాత.

పని నేర్పిన కోదాడ సాంసన్ రోజూ ఇదే చెప్పేవాడు. “ముందు చదువుకోవాలి ధర్మా, ఆ తర్వాతే రాయాలి. తిరగేశావంటే దేవుడు కూడా తిరిగి తేలేడు.”

మొన్న యాసంగి కోతలప్పుడు ఆత్మకూర్ (ఎస్) నుంచి సత్యనారాయణ పటేలు ఒక బీపీ మిషన్‌ను తువ్వాలలో చుట్టి తెచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి, ఎండలో వచ్చినా మంచినీళ్లు ముట్టలేదు. మిషన్ తెర వెలగడం లేదు.

“అది నడ్వకున్నా ఏం లేదు నాయక్. మా రాధమ్మ సూసుకున్న లెక్కలు అండ్ల ఉంటయట. అవి గావాలె.”

రాధమ్మ ఆయన భార్య. పోయి నెలయింది. పోయిన రోజు పొద్దున ఆమె తల తిరుగుతుందని చెప్పింది. మోటారు వేయాలన్న తొందరలో ఈయన “మిషన్ పెట్టి సూసుకో” అని పొలానికి పోయాడు. వచ్చేసరికి వాకిట్లో పడి ఉంది.

“సూసుకున్నదా లేదా, గంతే నాకు గావాల్సింది,” అన్నాడు. “సూసుకుంటే, మంచిగనే ఉన్నదని ఊకున్నట్టు. లేకుంటే నేను పెట్టి సూడక సంపుకున్నట్టు.”

“తీసిస్త పటేలా. మూడొద్దులకు రాండ్రి,” అన్నాడు ధర్మా.

మరునాడు బల్ల మీద నాలుగు మిల్లు బోర్డులున్నాయి. సీజన్‌లో మిల్లు ఆగితే ఓనర్లు ఊపిరి తీసుకోనివ్వరు. అంకెలు చెడిపోయిన బోర్డును చదవడమెందుకు, మంచి బోర్డు నుంచి తీసి డబ్బాలో పెట్టుకున్న అంకెల్ని దానిలోకి రాసేస్తే అయిపోతుంది. సాంసన్ మాట సీజన్‌లో ఎవరికి గుర్తుంటుంది? నాలుగూ టకటకా రాసి, అదే ఊపులో ఐదోదానికి డబ్బా క్లిప్పు తగిలించి బటన్ నొక్కాడు. ఐదోది రాధమ్మ మిషన్‌ది. స్విచ్చి కిందికే ఉంది.

పచ్చలైటు వెలిగి ఆరింది. ధర్మా స్విచ్చి పైకి వేసి చదివి చూశాడు. అన్ని గదుల్లోనూ మిల్లు అంకెలే, బియ్యపు గింజ ఎంత తెల్లగా ఉండాలో చెప్పే అంకెలు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు రెండు రోజులు ఆ చిప్పునే పట్టుకు కూర్చున్నాడు. ఒక ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరి ఇదే రకం మిషన్ నుంచి ఎప్పుడో తీసిపెట్టుకున్న అంకెలు రాసి, తెర వైరు అతికిస్తే మిషన్ లేచింది. రాధమ్మ లెక్కలు మాత్రం రాలేదు. వేరే మిషన్ కొనిస్తే పోదా అంది అతని భార్య సాలి. కొనిస్తే తీరేదయితే అతనికి అన్నం ఎందుకు దిగదు?

చిప్పే చచ్చిపోయిందని చెబుదామనుకున్నాడు. ఎవరు పట్టుకుంటారు? తీరా పటేలు వచ్చి స్టూలు మీద కూర్చొని, కళ్లద్దాలు తుడుచుకొని పెట్టుకునేసరికి ఆ అబద్ధం నోట్లోంచి రాలేదు.

“నేనే చెరిపేసిన పటేలా. సదవబోయి రాసిన. ఆమె సూసుకున్నదో లేదో ఇగ ఎవ్వలకు తెల్వదు.”

పటేలు తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ధర్మాకు. ఆయన మిషన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇండ్ల ఏదంటే అది రాస్తవా నువ్వు?”

“రాయొచ్చు.”

“అయితే ఆ దినం తారీకేసి ఒకటి రాయి. ఆమె సూసుకున్నట్టు. మంచిగనే ఉన్నట్టు.”

అబద్ధమని ఇద్దరికీ తెలుసు. కాదనే మొహం ధర్మాకు లేదు. క్లిప్పు తగిలించాడు. తారీకు అడిగి రాశాడు, పొద్దున ఆరుంబావు అని రాశాడు.

“అమ్మకు మామూలుగ ఎంతుండేది పటేలా? మీద ఎంత, కింద ఎంత?”

ఏడేళ్లు రాధమ్మ రోజూ పొద్దున పటేలు ఎదుటే ఆ మిషన్ పట్టీ చేతికి చుట్టుకునేది, ఆయన చాయ్ తాగుతుంటే.

“ఎన్నడూ అడగలే నాయక్,” అన్నాడు.